కొండకి పోయే బండికి ఆయిల్, కూలెంట్ ఇంటి దగ్గరే మార్చుకోవడం: నా అనుభవం

తిరుపతిలో బండికి అసలు పరీక్ష అలిపిరి దగ్గరే మొదలవుతుంది. మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, తనిఖీ క్యూలో మెల్లగా జరుగుతుంటాం. ముందు నుంచి గాలి తగలదు, రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే దిక్కు. అక్కడ బాగా వేడెక్కిన ఇంజిన్‌ని చల్లారనివ్వకుండా నేరుగా రెండో ఘాట్ ఎక్కిస్తాం. సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు, రెండో గేరు, మూడో గేరు, నిండా మనుషులు. ఆయిల్ అర లీటరు తక్కువున్నా, కూలెంట్‌లో సగం బోరు నీళ్లే ఉన్నా ఊళ్లో తిరిగేటప్పుడు తెలియదు. ఇక్కడ తెలుస్తుంది.

అందుకని ఎండలు ముదరకముందే రెండూ చూసుకుంటాను. ఈసారి రెండింటి గడువూ ఒకేసారి రావడంతో రెండూ ఇంటి దగ్గరే మార్చాను. బండి 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ ప్రకారం ఫిల్టర్‌తో కలిపి ఆయిల్ 3.1 లీటర్లు పడుతుంది. మీ బండి అంకె మీ మాన్యువల్‌లోనే చూడండి. ఏడుగురు కూర్చునే పెద్ద డీజిల్ బండ్లకి ఇంతకు రెట్టింపు పడుతుంది.

మార్చే ముందు పాత ఆయిల్ ఎలా ఉందో చూశాను. బండి సమతలంగా ఉన్న చోట నిలపాలి. మా వీధి కాలువ వైపు వాలుగా ఉంటుంది, అక్కడ చూస్తే లెవెల్ తప్పుగా వస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ఆపి, ఐదు నుంచి పది నిమిషాలు ఆగాలి. పైన ఉన్న ఆయిల్ సంప్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దిగడానికి ఆ టైం కావాలి. డిప్‌స్టిక్ మొదటిసారి తీసినప్పుడు కనిపించే లెవెల్‌ని నమ్మకూడదు. తుడిచి, చివరిదాకా దించి, మళ్లీ తీసి చూడాలి. కడ్డీకి రెండు వైపులా చూసి, ఏ వైపు తక్కువ కనిపిస్తే అదే లెక్క. తుడవడానికి పోగులు ఊడే బనియన్ వేస్ట్ వద్దు, ఆ పోగులు కడ్డీతో పాటు లోపలికి పోతాయి. పాత నూలు గుడ్డ చాలు.

రంగు చూసి ఆయిల్ పాడైందని తేల్చేయకూడదు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది, మసిని పట్టి ఉంచడం దాని పని. నేను చూసేవి వేరే. వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా తగులుతోందా, మెరుపు కనిపిస్తోందా? పాలు కలిపిన కాఫీ రంగులోకి తిరిగిందా? అలా ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం, బండి తీయకూడదు. పెట్రోల్ వాసన గట్టిగా వస్తోందా? రోజూ రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే బండ్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, కాలని పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్-6 డీజిల్ బండ్లలో ఇంకో సంగతి ఉంది. ఆ ఫిల్టర్‌లో మసి కాలే పని మధ్యలో ఆగిపోతే, ఆ పనికని వదిలిన డీజిల్ సంప్‌లోకి చేరి ఆయిల్ లెవెల్ పెరుగుతుంది. లెవెల్ పెరిగిందంటే బాగుందని సంతోషించకండి, పల్చబడిందని అర్థం.

ఆయిల్ గ్రేడ్ విషయంలో మన దగ్గర ఒక అలవాటు ఉంది: "ఎండలెక్కువ కదా, చిక్కటి ఆయిల్ పోయండి" అంటారు. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అనే పల్చటి గ్రేడు రాసిన ఇంజిన్‌లో 15డబ్ల్యూ-40 అనే చిక్కటిది పోస్తే వేడి తగ్గదు. బేరింగుల సందులు పల్చటి ఆయిల్‌కి తగ్గట్టు చేసి ఉంటాయి. చిక్కటి ఆయిల్ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైదాకా ఆలస్యంగా చేరుతుంది, మైలేజీ తగ్గుతుంది. మాన్యువల్‌లో రెండు గ్రేడులు ఇచ్చి ఉంటే మన ఎండకి, ఘాట్‌కి అందులో చివరి అంకె పెద్దదిగా ఉన్నది ఎంచుకోవడం సబబే. నేను 5డబ్ల్యూ-30 గ్రేడు, ఏపీఐ ఎస్‌పీ అనే నాణ్యత ప్రమాణం ఉన్నది తీసుకున్నాను. డీపీఎఫ్ ఉన్న డీజిల్‌కి మాత్రం బూడిద తక్కువ వదిలే ఆయిలే పోయాలి, లేదంటే ఆ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది.

ఇక మార్చే పని. ఇంజిన్‌ని ఐదు నిమిషాలు నడిపాను. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ బాగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. ముందు చక్రాలు జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేశాను. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి దూరొద్దు. ఇది ఎంత చెప్పినా తక్కువే. పైన ఆయిల్ మూత తెరిచి, కింద డ్రెయిన్ బోల్టు విప్పాలి. చివరి చుట్టు చేత్తో, బోల్టుని పైకి నొక్కి పట్టుకుని తిప్పితే గిన్నెలో పడకుండా చేతికే వస్తుంది. చుక్కలు పడే దాకా పదిహేను నిమిషాలు వదిలేశాను. బోల్టు వాషర్ మెత్తటి లోహం, ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా కూర్చోదు. కొత్తది వేయాలి. బోల్టు మరీ బిగిస్తే అల్యూమినియం సంప్ మర చెడిపోతుంది, అప్పుడు సంప్ మార్చాల్సి వస్తుంది.

ఫిల్టర్ దగ్గర ఒక్క విషయం తప్పకుండా చూడాలి. పాత ఫిల్టర్ ఊడదీసినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోతుంది. అది చూడకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇంటి ముందు బాగానే ఉంటుంది, రోడ్డెక్కి ప్రెషర్ పెరిగాక రింగు జారి ఆయిల్ అంతా నిమిషాల్లో బయటికి చిమ్ముతుంది. పాత ఫిల్టర్ చేతిలోకి రాగానే తిప్పి, రింగు దానితో వచ్చిందా అని చూడండి. కొత్త రింగుకి వేలితో కొత్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. స్పానర్ అక్కర్లేదు.

ముందు 2.8 లీటర్లే పోశాను. స్టార్ట్ చేస్తే ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్ర లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఒక నిమిషం నడిపి ఆపితే కొత్త ఫిల్టర్ తాగినంత తాగుతుంది. ఆ తర్వాత ఆగి, డిప్‌స్టిక్ చూసుకుంటూ మిగతాది కొంచెం కొంచెంగా పోసి పై గుర్తుకి ఒక పిసరు కింద నిలిపాను. ఎక్కువ పోస్తే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. నురగ బేరింగులని కాపాడలేదు, పైగా ఆయిల్ ఆవిరి గొట్టం దారిన ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది. ఎక్కువైతే తీసేయాల్సిందే. తక్కువైతే ఘాట్‌లో ఇంకో సమస్య: ఎత్తు ఎక్కేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ ఒక మూలకి జరిగి, పంపు పీల్చే చోట గాలి తగులుతుంది. మలుపుల్లో ఆ ఎర్ర లైటు ఒక్క క్షణం వెలిగి ఆరినా పక్కన ఆపి ఇంజిన్ కట్టేయండి. అది లెవెల్ చూపే లైటు కాదు, ప్రెషర్ పోయిందని చెప్పే లైటు. "పైకెక్కాక చూద్దాంలే" అనుకుంటే ఇంజిన్ పట్టేస్తుంది.

కూలెంట్ పని మర్నాడు పొద్దున, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పెట్టుకున్నాను. వేడి మీద రేడియేటర్ మూత తెరిస్తే లోపల ప్రెషర్ ఒక్కసారిగా పోయి, వంద డిగ్రీలు దాటిన నీళ్లు ముఖాన ఆవిరై కొడతాయి. గుడ్డ అడ్డం పెట్టి తీసినా అంతే.

చాలామంది పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో లెవెల్ చూసి ఊరుకుంటారు. అది సరిపోదు. ఇంజిన్ చల్లారినప్పుడు రేడియేటర్ ఆ డబ్బాలోంచి కూలెంట్‌ని వెనక్కి పీల్చుకోవాలి. మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు పని చేయకపోతే పీల్చుకోలేదు, అప్పుడు డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంటుంది. చల్లారాక పై హోస్ చదునుగా నొక్కుకుపోయి కనిపించిందంటే ఈ వాల్వే కారణం. మూత తిప్పి చూడండి: రబ్బరు పగిలిందా, మధ్య వాల్వు లాగితే వచ్చి వదిలితే మూసుకుంటోందా అని. మార్చేటప్పుడు మూత మీద రాసిన ప్రెషర్ అంకె, 0.9 గానీ 1.1 గానీ, అదే ఉన్నది తీసుకోవాలి.

ఆ మూతకి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, సముద్ర మట్టానికి 850 మీటర్ల పైచిలుకు ఎత్తున్న తిరుమలలో మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలయ్యేది కూడా దాదాపు అక్కడే. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, మూత ప్రెషర్ బాగా పట్టి ఉంచితే 125 డిగ్రీలు దాటే దాకా మరగదు. మనకి గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ అనవసరం అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. తుప్పు పట్టకుండా చూసే మందులు, వాటర్ పంపు సీలుకి తడి, అన్నీ అందులోనే ఉంటాయి. మన బోరు నీళ్లు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లగా కట్టేదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. ఆర్‌ఓ నీళ్లు కూడా దీనికి బదులు కాదు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ అడిగి తీసుకోండి, యాసిడ్ డబ్బా కాదని చూసుకుని.

రేడియేటర్ కింద మర విప్పితే మొత్తం కూలెంట్ రాదు. కొంత ఇంజిన్ బ్లాకులో, హీటర్ గొట్టాల్లో మిగిలిపోతుంది. పాతది ఏ రకమో తెలియకపోతే, రంగు మారిపోయి ఉంటే, డిస్టిల్డ్ వాటర్ పోసి, హీటర్ ఫుల్ వేడికి పెట్టి, ఇంజిన్ వేడెక్కే దాకా నడిపి, చల్లార్చి, మళ్లీ వదలాలి. తేటగా వచ్చే దాకా ఇదే పని. ఇక్కడే లెక్క తప్పుతుంది. కడిగాక బ్లాకులో మిగిలింది వట్టి నీళ్లు. దాని మీద షాపులో దొరికే, ముందే నీళ్లు కలిపిన రెడీమేడ్ కూలెంట్ పోస్తే అది ఇంకా పల్చబడుతుంది. అందుకని కడిగిన బండికి చిక్కటి కాన్సంట్రేట్ తీసుకోవాలి. మొత్తం సిస్టమ్ 4.5 లీటర్లు పట్టేదైతే అందులో సగం, అంటే రెండుంపావు లీటర్ల కాన్సంట్రేట్ ముందు పోసి, మిగతా ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. లోపల మిగిలిన నీళ్లతో కలిసి సగానికి సగం అవుతుంది. డబ్బా మీద రెడీ టు యూజ్ అని ఉందా, కాన్సంట్రేట్ అని ఉందా అనేది కొనేముందే చదవండి. కాన్సంట్రేట్‌ని నీళ్లు కలపకుండా పోయడమూ తప్పే, దానికి వేడిని మోసే శక్తి నీళ్లకంటే తక్కువ.

రంగు చూసి రకం తేల్చకండి. పచ్చ, ఎరుపు, నీలం, గులాబీ: కంపెనీకో రంగు వేస్తారు. మాన్యువల్‌లో చెప్పిన రకమే చూడాలి. పడని రెండు రకాలు కలిస్తే తుప్పు మందులు పని చేయవు, ఒక్కోసారి జిగురులా కట్టి గొట్టాలు మూసుకుంటాయి. కూలెంట్, నీళ్ల పాళ్లు సులువుగా చూడాలంటే కూలెంట్ టెస్టర్ ఉంటుంది, ఎన్ని డిగ్రీలకి గడ్డకడుతుందో చూపిస్తుంది. దాని మీద మైనస్ 37 దగ్గర చూపిస్తే సగానికి సగం ఉన్నట్టు.

నింపేటప్పుడు సన్నగా, ఆగి ఆగి పోశాను. గబగబా పోస్తే గాలి లోపల ఇరుక్కుంటుంది. మూత తీసే ఉంచి, హీటర్ ఫుల్‌లో పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో నడిపి, పై హోస్‌ని గుడ్డతో పట్టుకుని నొక్కుతుంటే బుడగలు వస్తాయి. లెవెల్ తగ్గినప్పుడల్లా పోస్తూ, పొంగి వచ్చే ముందే మూత బిగించాలి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగితే, లోపల హీటర్ నుంచి వేడి గాలి బాగా వస్తే గాలి పోయినట్టు. హీటర్ గాలి చల్లగా వస్తుంటే లోపల ఇంకా బుడగ ఉంది. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు చూస్తే కొంత తగ్గి ఉంటుంది, అది మామూలే. రెండు మూడు రోజుల తర్వాత కూడా తగ్గుతూనే ఉంటే లీకు వెతకాలి. వాటర్ పంపు కింద మరకలు, హోస్ క్లిప్పుల దగ్గర ఎండిన రంగు, లోపల కాలి మ్యాట్ తడి, తియ్యటి వాసన చూడండి. ఏదీ కనబడక, డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ని (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ, బ్లాకుకీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి.

విడి సామాన్ల కోసం పోయినప్పుడు అక్కడి మెకానిక్ ఒక సలహా ఇచ్చాడు: "అన్నా, థర్మోస్టాట్ పీకేయండి, కొండకి చల్లగా పోతాది." థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కే దాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వు. ఈ మాట మన వైపు ఎక్కువగా వింటాం. నేను ఒప్పుకోను. అది లేకపోతే ఇంజిన్ ఊళ్లో ఎప్పుడూ సరైన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి, అంటే రేడియేటర్‌ని తప్పించి పోయే దారి, మూసుకుంటుంది. అది పీకేస్తే వేడి నీళ్లు రేడియేటర్‌కి పోకుండా తిరిగి ఇంజిన్‌లోకే వస్తాయి, చల్లబడాల్సింది పోయి వేడెక్కుతుంది. పాడైతే కొత్తది వేయించండి.

ఘాట్‌లో ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, సురక్షితమైన చోట పక్కకి తీయండి. ఆవిరి రాకపోతే, ఫ్యాన్ తిరుగుతుంటే, ఇంజిన్‌ని ఐడిల్‌లో ఉంచి చల్లారనివ్వండి. ఆవిరి వస్తుంటే వెంటనే కట్టేయాలి. బాటిల్ నీళ్లు ఇంజిన్ మీద గుమ్మరించొద్దు, హెడ్ వంకర పోతుంది.

చివరగా పాత ద్రవాలు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. మన వీధుల్లో ఆవులు, కుక్కలు ఏది దొరికితే అది నాకుతాయి, తాగితే మూత్రపిండాలు పోయి చస్తాయి. గిన్నెని ఒక్క నిమిషం కూడా బయట వదలకండి, కింద పడింది నీళ్లతో బాగా కడిగేయండి. పాత ఆయిల్, పాత కూలెంట్ రెండూ వేర్వేరు డబ్బాల్లో పట్టాను, కలిపితే ఆయిల్ మళ్లీ శుద్ధికి పనికిరాదు. పాత ఆయిల్ సేకరించే వర్క్‌షాపులో రెండూ ఇచ్చేశాను. ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాకి మాత్రం కత్తితో చిల్లి పెట్టి పడేశాను, అందులో నకిలీ ఆయిల్ నింపి అమ్మకుండా.