కాళ్లు చాపేసిన కోడిపిల్లను నిలబెట్టిన నాలుగు రోజులు

బోడుప్పల్‌లో మా ఇంటి డాబా మీద గ్రామప్రియ కోళ్లున్నాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం ఇది. గుడ్లు బాగా పెడతాయి గానీ పొదగడానికి పెద్దగా కూర్చోవు. అందుకే ఈ ఎండాకాలం చిన్న ఇంక్యుబేటర్ కొని 12 గుడ్లు పెట్టాను. 37.5 డిగ్రీల దగ్గర ఉంచాలని తెలుసు, కానీ మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. అయినా 21వ రోజు తెల్లారేసరికి 9 పిల్లలు బయటికొచ్చాయి.

వాటిని అట్టపెట్టెలోకి మార్చి కింద పాత పేపరు పరిచాను. అది పెద్ద పొరపాటు. పుట్టిన పిల్లకు కాలు ఊనడానికి పట్టు కావాలి, పేపరు మీద జారిపోతుంది. సాయంత్రానికి ఒక పిల్ల రెండు కాళ్లూ చెరోపక్కకు చాపేసి పొట్ట మీద పాకుతోంది. ఇంకోదానికి కుడికాలి వేళ్లు పిడికిలి బిగించినట్టు ముడుచుకున్నాయి. మూడోది కుంటుతోంది.

"ఒదిలెయ్ బిడ్డా, గది బతకది" అంది మా అత్తమ్మ, కాళ్లు చాపేసిన పిల్లను చూసి. ఊళ్లో ఎన్నో కోళ్లను సాకిన మనిషి, ఊరికే అనదు. కానీ కాళ్లు తప్ప ఆ పిల్లకు ఏ లోపమూ లేదు. గట్టిగా అరుస్తోంది, వేలు చూపిస్తే పొడుస్తోంది. దాన్ని అలా వదిలేయడానికి నాకు మనసు రాలేదు.

ముందు పేపరు తీసేసి పాత టర్కీ టవల్ పరిచాను. తర్వాత బ్యాండ్-ఎయిడ్‌ను నిలువుగా సగానికి సన్నగా కత్తిరించాను. దూది ఉన్న భాగం రెండు కాళ్ల మధ్యకు వచ్చేలా పెట్టి, అంటుకునే కొసలను పొలుసులుండే కింది భాగానికి ఒక్కో చుట్టు చుట్టాను. మా ఆయన పిల్లను గుప్పిట్లో పట్టుకున్నారు. కాళ్ల మధ్య దూరం మామూలుగా నిలబడ్డ పిల్లకు ఎంత ఉంటుందో అంతే, దాదాపు అంగుళం. మొదటిసారి మరీ దగ్గరగా కట్టేసరికి ముందుకు బోర్లా పడింది. విప్పి మళ్లీ కట్టాను. చుట్టు బిగుసుకుంటే రక్తం ఆడదు, అందుకే పూటకోసారి వేళ్లు వాచాయేమో, రంగు మారాయేమో చూసేదాన్ని.

కట్టు కట్టగానే నడవలేదు. తోస్తే పడిపోయేది, లేవలేకపోయేది. గంటకోసారి చేత్తో నిలబెట్టి, కాళ్ల మీద బరువు పడేలా రెండు నిమిషాలు ఆసరా ఇచ్చాను. మొదటి రోజు లోపలి పచ్చసొన బలం ఉంటుంది కాబట్టి మేత గురించి కంగారు పడలేదు. నీళ్లు మాత్రం ముక్కు కొసను మూతలో ముంచి తాగించాను. ఆ మూతలో గులకరాళ్లు వేశాను, పడినా మునగకుండా. మిగతా పిల్లలు తొక్కకుండా దీన్ని ఒక మూలకు, ఒక తోడు పిల్లతో పాటు విడిగా ఉంచాను. ఒంటరిగా పెడితే అరిచి అరిచి నీరసపడుతోంది. బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉండేలా చూశాను.

మూడో రోజు పొద్దున చూస్తే తనంతట తనే లేచి నిలబడి ఉంది! నాలుగో రోజు కట్టును గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తీశాను. కాస్త తూలింది గానీ కాళ్లు మళ్లీ జారలేదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే కట్టాలి, ఎముకలు గట్టిపడితే సర్దుకోవడం కష్టం.

వేళ్లు ముడుచుకున్నదానికి పాదమంత అట్టముక్క కత్తిరించి, వేళ్లు విడదీసి పరిచి టేపుతో అతికించాను. రెండు రోజులకే వేళ్లు చాపుకున్నాయి.

మూడోదాని సంగతే వేరు. కాలు మధ్యలో మడిచే కీలు వాచి, పాదం పక్కకు తిరిగింది. పశువుల డాక్టరు గారికి చూపిస్తే కీలు వెనక ఉండే నరం, అంటే కండను ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది, గాడి తప్పిందన్నారు. కాలు చాపి బొటనవేలితో నెట్టి సరిచేశారు, కానీ ఇంటికొచ్చేసరికి మళ్లీ జారింది. నొప్పితో మేత మానేసింది. ఎనిమిదో రోజు పోయింది. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

"తల్లికోళ్లకు ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టరు గారు అడిగారు. నూకలు, అన్నం అన్నాను. తల్లి మేతలో మాంగనీసు, కోలిన్ తక్కువైతే పిల్లకు ఈ నరం జారే జబ్బు రావచ్చని, బి2 విటమిన్ తక్కువైతే వేళ్లు ముడుచుకుంటాయని చెప్పారు. కరెంటు పోయి వేడి తగ్గడం కూడా కారణం కావచ్చట. నీళ్లలో బి కాంప్లెక్స్ కలపమన్నారు, మిగతా 8 పిల్లలకూ కలిపాను.

ఆ రోజు నుంచి పెద్దకోళ్లకు నూకలు తగ్గించి గుడ్లకోళ్ల దాణా పెడుతున్నాను. నెలన్నర తర్వాత మళ్లీ గుడ్లు పెట్టాను, ఇవాళ 14వ రోజు. టవల్ పరిచిన పెట్టె సిద్ధంగా ఉంది. పక్కనే కత్తెర, బ్యాండ్-ఎయిడ్లు అత్తమ్మే తెచ్చి పెట్టింది.