జనవరి రెండో సోమవారం

విజయనగరంలోనైనా, శ్రీకాకుళంలోనైనా గ్రూప్స్‌కి చదివే పిల్లలు అమెరికా జాతివివక్ష పాఠం దగ్గర అడిగే ప్రశ్న ఒకటుంది. అమెరికాలో బానిసత్వం 1865లో పోయింది కదా, దక్షిణాది రాష్ట్రం లూసియానాలో నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ రైలు పెట్టెలు వేరుచేసే చట్టం 1890లో ఎందుకొచ్చింది? పాత అలవాటు పోలేదు కాబట్టి అని గైడ్లు సరిపెడతాయి. అలవాటే అయితే దాన్ని నిలబెట్టడానికి పాతికేళ్ల తర్వాత కొత్త చట్టం దేనికి?

బానిసత్వాన్ని రద్దుచేసిన రాజ్యాంగ 13వ సవరణ 1865 డిసెంబరులో ఆమోదం పొందింది. దానికి ముందు నెలలోనే ఇంకో దక్షిణాది రాష్ట్రం మిసిసిపీ శాసనసభ తన ఏర్పాటు తాను చేసుకుంది. ఏటా జనవరి రెండో సోమవారం నాటికి, అంటే మనకి భోగి దగ్గరపడే రోజులకి, ప్రతి నల్లజాతి మనిషి దగ్గరా నివాసమో పనో ఉందని రాతలో రుజువుండాలి. పనీపాటా లేనివాడని తేలితే 50 డాలర్ల దాకా జరిమానా. 5 రోజుల్లో కట్టలేకపోతే, ఆ జరిమానా కట్టి అందరికన్నా తక్కువ కాలం పనిచేయించుకుంటానన్నవాడికి షెరీఫ్ అతన్ని అప్పగిస్తాడు. ఏడాది ఒప్పందం మధ్యలో మానేస్తే అప్పటిదాకా చేసిన కూలి మొత్తం పోతుంది. పారిపోయినవాణ్ణి పట్టితెచ్చినవాడికి 5 డాలర్లు, పైన మైలుకు 10 సెంట్లు.

వీటన్నిటికన్నా గట్టి ముడి ఇంకోటుంది. పట్టణాల హద్దు దాటితే నల్లవాళ్లకి భూమి కౌలుకివ్వకూడదు. కంబారి, అంటే ఆసామి దగ్గర జీతానికుండే పాలేరు, అన్న మాట తెలిసిన మన జిల్లాలవాళ్లకి దీని అర్థం విడమరచక్కర్లేదు. సొంత చెక్క లేదు, కౌలూ లేదు అంటే మళ్లీ ఆసామి కళ్లంలోకే రావాలి.

ఫెడరల్ ప్రభుత్వం ఈ చట్టాలను ఆపింది, నల్లవాళ్లకి ఓటొచ్చింది. భూమి మాత్రం రాలేదు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధం చివర్లో, 1865లో, తీరప్రాంతంలో కుటుంబానికి 40 ఎకరాల దాకా కేటాయించిన నేలను అధ్యక్షుడు జాన్సన్ అదే ఏడాది పాత యజమానులకి తిరిగిచ్చేశాడు. మిగిలింది సగం పాలుకి పత్తి సాగు. విత్తనం, తిండిగింజలు ఆసామి కొట్లోనే అప్పు. లెక్క రాసేదీ ఆసామే. పంటనాటికి కూలీ చేతిలో అప్పే మిగిలేది.

1877లో దక్షిణాదిలో కాపలా ఉన్న ఫెడరల్ సైన్యం తప్పుకుంది. రైళ్లలో, సత్రాల్లో జాతివివక్ష చూపకూడదన్న 1875 నాటి పౌరహక్కుల చట్టాన్ని 1883లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పత్తి ధర పడిపోయి, 1890ల్లో పేద తెల్ల రైతులూ నల్ల రైతులూ కొన్నిచోట్ల ఒకే పక్క ఓటేశారు. వేర్పాటు చట్టాలు అంత వేగంగా రావడానికి, వీళ్లు కలిసిపోతారేమోనన్న ఆసాముల భయం పెద్ద కారణమని నా నమ్మకం.

లూసియానా చట్టంలో తప్పు పెట్టెలో కూర్చుంటే 25 డాలర్లు, లేదా 20 రోజుల జైలు. 1892 జూన్ 7న న్యూ ఆర్లీన్స్‌లో, చట్టం లెక్కలో నల్లవాడైన హోమర్ ప్లెసీ కావాలనే తెల్లవాళ్ల పెట్టె ఎక్కాడు. అరెస్టు కూడా ముందే అనుకున్నదే, కోర్టుకి వెళ్లాలని. పెట్టెలు రెండింతలైతే ఖర్చని రైల్వే కంపెనీ కూడా లోపల్లోపల సహకరించింది. 1896లో సుప్రీంకోర్టు 7-1తో ‘వేరైనా సమానమే’ అంటూ ఆ చట్టాన్ని నిలబెట్టింది. అదే చట్టంలో ఒక మినహాయింపు చూడండి: తెల్లపిల్లల్ని ఎత్తుకున్న నల్ల ఆయాకి ఈ నిబంధన వర్తించదు. సేవచేసే చెయ్యి తగిలితే ఫర్వాలేదు, పక్కన టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంటేనే తప్పు. టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలిసినవాళ్లకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. నారు నాటిన చేతికి లేని అంటు గ్లాసు దగ్గరే వచ్చేది.

ఓటు తీసేసిన తీరు ఇంకా పకడ్బందీ. మిసిసిపీ 1890 రాజ్యాంగంలో రంగు మాటే లేదు. 2 డాలర్ల ఓటు పన్ను, గడిచిన రెండేళ్లదీ ఫిబ్రవరి 1 లోపు కట్టాలి, పోలింగులో రుజువు చూపాలి. ఓటు నవంబరులో. అప్పుల్లో ఉన్న పాలుదారుకి ఇది అయ్యే పనేనా? పైగా రాజ్యాంగంలో ఒక భాగం చదవాలి, లేదా విని అర్థం చెప్పాలి. సరిగ్గా చెప్పాడో లేదో తేల్చేది తెల్ల అధికారి. ఇలాంటి షరతుల్లో పేద తెల్లవాళ్లూ పోతారని లూసియానా 1898లో తాత నిబంధన పెట్టింది: 1867 జనవరి 1 నాటికి ఓటున్నవాడికీ, అతని కొడుకులకీ మనవలకీ పరీక్ష లేదు. అక్కడ 1896లో 1,30,334 మంది నల్ల ఓటర్లుంటే 1900 నాటికి 5,320 మంది మిగిలారు.

1915లో సుప్రీంకోర్టు ఓక్లహోమా తాత నిబంధనను కొట్టేసింది. ఆ రాష్ట్రం వెంటనే ఇంకో చట్టం తెచ్చింది: అంతకుముందు ఓటులేనివాళ్లు 1916 ఏప్రిల్ 30 నుంచి మే 11 లోపు, ఆ పన్నెండు రోజుల్లోనే నమోదు చేసుకోవాలి, లేకపోతే ఇక ఎప్పటికీ ఓటు లేదు. దాన్ని కోర్టు కొట్టేసేసరికి 1939 వచ్చింది.