బరువులెత్తాక రక్తపరీక్ష: నా అనుభవం

హెల్త్ చెకప్ రిపోర్టులో లివర్ పరీక్షల్లో చూసే ఎంజైముల్లో ఒకటైన ఎస్‌జీఓటీ మామూలు హద్దుకు మూడు రెట్లు పైన ఉంది, ఎస్‌జీపీటీ అనే మరో ఎంజైము కూడా ఎక్కువే. ఇంట్లో అందరికీ గుబులు పట్టుకుంది. నేను మందు ముట్టను, కామెర్ల ఛాయలూ లేవు. మరి లివర్‌కి ఏమైనట్టు?

డాక్టరు గారు రిపోర్టు చూసి మొదట అడిగింది, "జిమ్‌కి వెళ్తారా?" అని. పరీక్షకు రెండు రోజుల ముందే బరువు పెంచి స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు చేశానని చెప్పాను. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సినంతగా తొడలు ఇంకా పట్టేసి ఉన్నాయి. "మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చిందా?" అన్నారు. రాలేదన్నాను. వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలట. కండరాల్లోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా రక్తంలోకి వస్తే కిడ్నీలు దెబ్బతింటాయి.

సీపీకే (కండరాల ఎంజైము), జీజీటీ (లివర్ ఎంజైము) పరీక్షలు రాశారు. ఎందుకో కూడా ఓపిగ్గా చెప్పారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కండరాల్లోనూ ఉంటాయి. అలవాటు లేని బరువు ఎత్తితే, ముఖ్యంగా దాన్ని మెల్లగా దించేటప్పుడు, కండర కణాల పొరలు దెబ్బతిని లోపలి ఎంజైములు బయటికొస్తాయి. సీపీకే కూడా అలా వచ్చేదే, సాధారణంగా 1 నుంచి 4 రోజుల్లో గరిష్ఠానికి చేరుతుంది. జీజీటీ మాత్రం కండరాల్లో దాదాపు ఉండదు. నాకు సీపీకే వేలల్లో వచ్చింది, జీజీటీ, బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) మామూలే. ప్రాణం లేచొచ్చింది.

మళ్లీ టెస్టు చేయించే ముందు వారానికి పైగా జిమ్ మానేయమన్నారు. ఆ రోజు పొద్దున తేలిగ్గా ఒకటి రెండు సెట్లు చేయవచ్చా అంటే వద్దన్నారు. బరువులెత్తుతుంటే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా కేశనాళికల్లోంచి కండరాల్లోకి జారుతుంది. సెట్టు తర్వాత చేతులు బిర్రుగా ఉబ్బడంలో దాని పాత్ర చాలా ఉంది. గట్టి వర్కౌట్‌లో ప్లాస్మా 10 శాతానికి పైగానే తగ్గవచ్చు. కొత్తగా ఒక్క ఎర్ర కణం పుట్టకపోయినా హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపిస్తుంది. తెల్లకణాలూ కాసేపు ఎక్కువవుతాయి. విశ్రాంతి తీసుకుంటే ప్లాస్మా చాలావరకు గంటలోపే వెనక్కి వచ్చేస్తుంది. నాకు ఇదే అన్నిటికన్నా అబ్బురంగా తోచింది.

రెండో రిపోర్టులో ఎస్‌జీఓటీ మామూలుకు వచ్చింది. ఎస్‌జీపీటీ రక్తంలోంచి ఇంకా నెమ్మదిగా పోతుంది కాబట్టి హద్దుకు కాస్త పైన ఉంది, తర్వాత అదీ దిగింది. ఇప్పుడు రక్తం ఇచ్చేటప్పుడు చివరి వర్కౌట్ ఎప్పుడు చేశానో ల్యాబ్ ఫారం మీద రాయిస్తున్నాను.