ఆ చీటీ నాలుగు నెలలు బ్యాగులోనే ఉండిపోయింది

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, ఎనిమిది కీమోలు, రేడియేషన్ ఏడాదిలో అయిపోయాయి. రమ్మన్న రోజు వెళ్లాను, చెప్పింది చేయించుకున్నాను. ఇప్పుడు క్యాన్సర్ మళ్లీ రాకుండా రోజుకో టామోక్సిఫెన్ మాత్ర, ఐదేళ్లు. అసలు గొడవ ఇక్కడే మొదలైంది. రాత్రి రెండింటికి మెలకువ, ఒంట్లోంచి ఆవిర్లు, ఊరికే ఏడుపు. మా గాజువాకలో ఎవరికి చెప్పినా "గండం గడిచింది కదమ్మా, ధైర్యంగా ఉండు" అనడమే. ఈ ధైర్యం బ్యాచ్‌ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లుమంట.

క్యాన్సర్ డాక్టరుగారే సైకియాట్రిస్టుకి చీటీ రాసిచ్చారు. వెళ్లలేదు. విశాఖలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ణి వాల్తేరు పంపాలి" అనేవాళ్లం, అక్కడ పిచ్చాసుపత్రి ఉందని. నేనూ అన్నదాన్నే.

చివరికి ఓ మంగళవారం వెళ్లాను. ఓపీ కౌంటర్లో కుర్రాడు చీటీ చూసి, హాలంతా వినబడేలా "ఏటమ్మా, పిచ్చి డాక్టరుకా? పేషెంటు మీరేనా? తోడు ఎవరూ రాలేదా?" అన్నాడు. వెనక లైన్లో మా వీధి ఆవిడ! జుట్టంతా ఊడినప్పుడు కూడా తల దించుకోలేదు నేను, ఆ రోజు దించుకున్నాను. చీటీ లాక్కుని బాత్రూమ్‌లోకి పోయి పది నిమిషాలు కుళాయి తిప్పుకుని నిలబడ్డాను. ఇంటికి పోదామనే అనుకున్నా. కానీ ఆటోకి పెట్టిన డబ్బులు గుర్తొచ్చాయి. తిరిగొచ్చి "బాబూ, ఇందాక ఏదో అన్నావే, అదే గొంతుతో ఇంకోసారి అను" అన్నాను. అనలేదు. టోకెన్ చేతిలో పెట్టి కంప్యూటర్లోకి చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన నమ్మడు గానీ, నిజంగా అన్నాను.

లోపల డాక్టరమ్మ థర్మామీటర్ బొమ్మ ఉన్న కాగితం ఇచ్చి, ఈ వారం మనసుకి ఎంత బాధగా ఉందో 0 నుంచి 10లో గుర్తు పెట్టమన్నారు. 8 పెట్టాను. 4 వచ్చినా కూర్చోబెట్టి మాట్లాడాల్సిందేనట. తర్వాత వాడుతున్న మాత్రల అట్టలన్నీ బల్లమీద పెట్టించారు. దిగులుకని మా వీధి మెడికల్ షాపతను ఇచ్చిన ఫ్లూఆక్సెటిన్ దగ్గర ఆగిపోయారు. టామోక్సిఫెన్‌ని ఒళ్లు పనికొచ్చే మందుగా మార్చుకోవాలట, ఇది ఆ మార్పుకే అడ్డు. దాని బదులు వెన్లాఫాక్సిన్ రాశారు, ఆవిర్లూ తగ్గుతాయన్నారు. కాబట్టి అట్టలన్నీ పట్టుకెళ్లండి, షాపువాడి డాక్టరీ నమ్మకండి.

"రోజూ మా ఏడుపులు వింటూ ఎలా ఉంటారండీ?" అని అడిగేశాను. చావు గురించి అడిగేవాళ్లు తక్కువేనట, ఇంట్లో వంట ఎవరు చేస్తారన్న బెంగే ఎక్కువట. 1977లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో జిమ్మీ హాలండ్ అనే డాక్టరమ్మ క్యాన్సర్ రోగుల కోసం మనోవైద్య సేవ మొదలుపెట్టారనీ, అంతకుముందు రోగికి జబ్బు పేరు కూడా చెప్పేవాళ్లు కాదనీ అన్నారు. మా ఇంట్లో మాత్రం? నాకూ నాలుగు రోజులు "గడ్డ" అనే చెప్పారు.

మూడు వారాలైంది. ఆవిర్లు తగ్గాయి, తెల్లవారుజామున నాలుగింటిదాకా నిద్ర పడుతోంది. మా అత్తగారికి మాత్రం ఆ కొత్త మాత్రలు బలం మాత్రలనే చెప్పాను.