చదివేవాళ్లు తెరిస్తేనే కొనుగోలు: మా లైబ్రరీలో డీడీఏ పెట్టిన అనుభవం

పుస్తకాల కొనుగోలు చూసే లైబ్రేరియన్‌ని ఒక పాత లెక్క నిద్రపోనివ్వదు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ లైబ్రరీ మీద అలెన్ కెంట్ బృందం చేసిన అధ్యయనం 1979లో వచ్చింది. కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం మొదటి ఆరేళ్లలో ఒక్కసారి కూడా బయటికి వెళ్లలేదని అందులో తేలింది. మా షెల్ఫుల మధ్య తిరుగుతూ, వచ్చినవి వచ్చినట్టే ఉన్న పుస్తకాలను చూసి బాధపడేదాన్ని. ఈ-బుక్స్‌కి డిమాండ్ డ్రివెన్ అక్విజిషన్, అంటే డీడీఏ, పెడదామని ప్రతిపాదించింది అందుకే.

పద్ధతి ఇదీ. ఇంకా కొనని ఈ-బుక్స్ రికార్డులను ముందే క్యాటలాగ్‌లో ఎక్కిస్తాం. వెతికేవాళ్లకి అవి లైబ్రరీ పుస్తకాల్లాగే కనిపిస్తాయి, క్లిక్ చేస్తే తెరుచుకుంటాయి. కాసేపు తిరగేస్తే మనకి ఖర్చు లేదు. ఒక హద్దు దాటితే మాత్రం బిల్లు పడుతుంది. ఆ హద్దునే ట్రిగ్గర్ అంటారు. ఈబ్రరీ అనే ఈ-బుక్ సంస్థ పద్ధతిలో అది పది పేజీలు చదవడం, పది నిమిషాలు ఉండడం, లేదా కాపీ, ప్రింట్ తీసుకోవడంగా ఉండేది. విషయసూచిక చూసినంత మాత్రాన లెక్కలోకి వచ్చేది కాదు.

కమిటీలో అధ్యాపకులకు ఒకటే భయం: పిల్లలు ఏది పడితే అది తెరిచి బడ్జెట్ ఖాళీ చేసేస్తారని. అకౌంట్స్ విభాగం అభ్యంతరం ఇంకా గట్టిది. పుస్తకం పేరు లేకుండా ఆర్డర్ ఎలా ఇస్తారు, సరుకు రాకుండా వెండర్‌కి ముందుగానే డిపాజిట్ ఎలా కడతారు, ఆడిట్‌కి ఏం చూపిస్తారు? అది న్యాయమైన ప్రశ్నే. డిపాజిట్‌కి విడిగా ఒక లెడ్జర్ పెట్టాం. నెలనెలా పుస్తకం పేరు, ట్రిగ్గర్ పడిన తేదీ, ధరతో ఇన్‌వాయిస్ ఇవ్వాలని వెండర్‌తో రాతపూర్వకంగా ఒప్పించాం. ఒక ధర దాటిన పుస్తకం దానంతటది కొనుగోలు కాకుండా నా అనుమతికి వచ్చేలా పెట్టించాం. దాంతో ఫైల్ కదిలింది.

అసలు పని ప్రొఫైల్ దగ్గర. ఏ సబ్జెక్టులు, ఏ ప్రచురణకర్తలు, ఏ సంవత్సరం తర్వాతివి, ధర ఎంత వరకు అనేవన్నీ అక్కడే తేల్చాలి. డీడీఏ వస్తే లైబ్రేరియన్ ఎంపిక పోతుందంటారు. నా అనుభవంలో అది పోలేదు, ముందుకు జరిగింది. పరిచయస్థాయి గైడ్లు వద్దన్నాం. మా దగ్గర ఉన్న ప్యాకేజీల్లోని పుస్తకాలు మళ్లీ రాకుండా చూడడం దగ్గరే ఎక్కువ విసుగొచ్చింది. అదే పుస్తకానికి గట్టి అట్టకు ఒక ఐఎస్‌బీఎన్, పేపర్‌బ్యాక్‌కి ఇంకొకటి, ఈ-బుక్‌కి మరొకటి. నంబర్లు సరిపోల్చితే చాలదు. పేరు, రచయిత, ఎడిషన్ కూడా కలిపి చూడాల్సి వచ్చింది.

రికార్డులు ఎక్కాక కొన్నాళ్లు రిపోర్టు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉండేది. ఒక రోజు అందులో ఉప్పునేలల్లో బతికే సూక్ష్మజీవుల మీద ఒక పుస్తకం కనిపించింది. ఏ శాఖా దానికి ఇండెంట్ పెట్టలేదు. ఎవరో అర్ధరాత్రి దాటాక తెరిచారు, కాసేపు చూసి వదిలేశారు, మర్నాడు మళ్లీ వచ్చి ఒకే అధ్యాయంలో చాలాసేపు ఉన్నారు. ట్రిగ్గర్ పడింది. ఎవరో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. కానీ కావలసిన వేళకి పుస్తకం చేతికి అందింది. మామూలు దారిలో ఇండెంట్, ఆమోదం, ఆర్డర్ అయ్యేసరికి ఆ అవసరమే తీరిపోయేది.

షార్ట్ టర్మ్ లోన్ గురించి మాత్రం జాగ్రత్తగా ఉండమంటాను. పుస్తకం ధరలో కొంత శాతం కట్టి కొద్ది రోజులు అద్దెకు తీసుకోవడం అది. 2014లో చాలామంది ప్రచురణకర్తలు ఆ శాతాన్ని బాగా పెంచేశారు. అద్దెల మీద అద్దెలు కట్టినా పుస్తకం మనది కాదు. అందుకే మేం లోన్లకి పరిమితి పెట్టి, అది దాటగానే కొనేయమన్నాం.

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన పంచసూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలంటుంది. డీడీఏ ఆ పని చక్కగా చేస్తుంది. మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అంటుంది. ఆ పాఠకుడు ఇంకా రాకపోయి ఉండొచ్చు. చిన్న ప్రచురణకర్తలవీ, చిన్న భాషలవీ చాలా పుస్తకాలు వెండర్ జాబితాలోనే ఉండవు. లేని పుస్తకాన్ని ఎవరు క్లిక్ చేస్తారు? అందుకే బడ్జెట్ మొత్తం దీనికి ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు. ఒక భాగాన్ని మా ఎంపికకే ఉంచాం.

మీ లైబ్రరీలో మొదలుపెడుతుంటే సంతకానికి ముందే కొన్ని విషయాలు రాతలో తీసుకోండి. ట్రిగ్గర్ కచ్చితంగా ఏమిటి? కొన్న పుస్తకాన్ని ఒకేసారి ఒక్కరే చదవాలా, ఎందరైనా చదవొచ్చా? పరీక్షల ముందు ఇద్దరికి ఒకే పుస్తకం కావలసివస్తే ఆ తేడా తెలుస్తుంది. డిపాజిట్ అయిపోతే రికార్డులు ఎంత త్వరగా తీసేయాలి, ఆ జాబితా ఎవరు పంపుతారు? ఇది ముందే తేల్చుకోకపోతే క్యాటలాగ్‌లో కనిపించే పుస్తకం తెరుచుకోదు, సమాధానం మాత్రం కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు చెప్పుకోవాలి.