ముగ్గురు సార్లు, ఒక మేడం, 68 గుర్రాలు

గువ్వలచెరువు ఘాట్ మొదలయ్యే ముందు మా కారులో ఒక తంతు ఉండేది. నేను "సార్, ఏసీ" అంటాను. ముందు సీట్లో కూర్చున్న పీడీ సార్ ఏసీ బటన్ నొక్కి ఆర్పుతాడు. నాలుగు అద్దాలూ దిగుతాయి. వెనక సీట్లో హిందీ మేడం దిద్దుతున్న పేపర్లు మూసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం అందుకుంటుంది. ఆమె పక్కన తెలుగు సార్ అప్పటిదాకా చెప్తున్న పద్యం అక్కడికక్కడే ఆపేస్తాడు.

కడప నుంచి రాయచోటిలో మా బడికి యాభై కిలోమీటర్ల పైమాటే. పొద్దున పోయేటప్పుడు ఎక్కుడు, సాయంత్రం దిగుడు. నలుగురం కలిసి పెట్రోలు పంచుకునేవాళ్ళం. కారు నాది: 2015 మోడల్ ఆల్టో కె10. మూడు సిలిండర్ల వెయ్యి సీసీ ఇంజన్, 68 పీఎస్, అంటే 68 గుర్రాలు; 90 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. బండి బరువు 750 కిలోలు, అటూ ఇటూ. నేనొక్కణ్ణే ఉంటే ఎగిరిపోతుంది. నలుగురం ఎక్కి, టిఫిన్ క్యారియర్లు, పీడీ సార్ వాలీబాల్ సంచి వేసుకుంటే 1,100 కిలోలకు చేరుతుంది. చిన్న బండికి అదే చిక్కు. మనుషుల బరువే బండిలో సగానికి దగ్గరైపోతుంది.

ఘాట్‌లో ముందర లోడు లారీ పోతా ఉంటే దాని వెనకాల మూడో గేరులో ఈడుస్తా పోవాల. కాస్త ఖాళీ దొరికిందని పక్కకు తీస్తే బండి లాగదు. పీడీ సార్ డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి ముందుకు తోసేవాడు, ఆయన తోస్తే పోతుందన్నట్టు. "లాగు సామీ లాగు, ఎదర బస్సు వచ్చాంది!" మళ్ళీ లారీ వెనక్కే వచ్చేవాళ్ళం. దండకం మళ్ళీ మొదటి నుంచి.

అట్లా 2022 ఎండాకాలంలో నాకు పిచ్చి పట్టింది. కొత్త బండి కొనేదానికి ఇంట్లో నోరు తెరవలేను. ఉన్న బండికే గుర్రాలు పెంచితే పోలే అనుకున్నాను. ఇందులో సుఖం ఏందంటే, నాలుగు లక్షలు ఒక్కసారి అడగాలంటే భార్యకు చెప్పాల. నాలుగున్నర వేలు, పదమూడు వేలు అంటే 'సర్వీసింగ్' కింద కలిసిపోతుంది.

మొదట ఎయిర్ ఫిల్టర్. కంపెనీ ప్లాస్టిక్ డబ్బా తీసేసి, ఎర్రగా బుట్టలాగుండే కోన్ ఫిల్టర్ బిగించినాను. నాలుగున్నర వేలు. యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమని నాగుపాము శబ్దం. ఆ శబ్దానికే స్పీడు పెరిగినట్టు అనిపించింది, దాచేదేముంది. వారం తర్వాత ఘాట్‌లో చూస్తే ముందుకంటే మందంగా ఉంది బండి. కడపలో మా మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన బానెట్ ఎత్తి, నా చెయ్యి పట్టుకుని ఫిల్టర్ వెనక పైపు మీద ఆనించినాడు. చురుక్కుమంది.

"బండికి ఊపిరి తీసేదానికి సల్లగాలి ఉండల్ల గదా సార్. కంపెనీ వాడు ముక్కును బయట జాలీ కాడ పెట్నాడు. మీరు తీసుకొచ్చి పొయ్యి కాడ పెట్టి ఊపిరి తియ్యమంటే యాడ తీచ్చది?"

బడిలో సైన్సు చెప్తూ గ్యాస్ నియమాలు తడుముకోకుండా అప్పజెప్పే మనిషిని నేను. ఆ పూట భాయ్ ముందర తల వంచుకుని నిలబడినాను. ఎనిమిది వందలు పెట్టి బండి కంప్యూటర్ లెక్కలను ఫోన్‌కు పంపే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొని, స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చి ఫోన్‌లో చూస్తే సంగతి తేలింది. మే నెల ఎండ, లారీ వెనకాల పాకుతూ ఉంటే ఇంజన్ లోపలికి పోయే గాలి 68 డిగ్రీలు. పాత డబ్బా మళ్ళీ పెట్టి అదే చోట, అదే వేళకు చూస్తే 50. గాలి వేడెక్కితే పలచబడుతుంది. ఈ పద్దెనిమిది డిగ్రీల తేడాకు లోపలికి పోయే గాలి 5 శాతం దాకా తగ్గుతుంది. అంటే నా 68 గుర్రాల్లో మూడు పైచిలుకు గాలికి పోయినట్టే. ఇట్లాంటి ఫిల్టర్ మహా అయితే ఇచ్చేది ఒకటో రెండో.

బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? రాలేదు. తర్వాత సైలెన్సర్. ఫ్రీ ఫ్లో అని పదమూడు వేలు. లావు పైపు, అడ్డం లేని దారి, పొగ సులువుగా పోతుంది, నిజమే. కానీ అది పనికొచ్చేది ఐదారు వేల ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మీద. కింద రెండు వేల దగ్గర పైపులో పొగ వేగం తగ్గి, ఉన్న పట్టు కూడా జారినట్టే ఉంది. శబ్దం మాత్రం ఊరంతా. బడిలో ఇంకో నష్టం. నేను గేటు దాకా రాకముందే, వీధి మలుపులో ఉండగానే పిల్లోళ్ళకు తెలిసిపోయేది. "ఆల్టో సార్ వచ్చినాడు!" నేను క్లాసుకు పోయేసరికి అందరూ పుస్తకాలు తెరిచి బుద్ధుని మాదిరి కూర్చుని ఉండేవాళ్ళు. ఆ ఏడాది ఒక్కణ్ణి కూడా కాపీ కొడుతుండగా పట్టుకోలేకపోయినాను.

మూడోది రీమ్యాప్. బెంగళూరు దాకా పోయినాను. అక్కడ లాప్‌టాప్ తగిలించి, ఇంజన్ కంప్యూటర్‌లో ఇగ్నిషన్ టైమింగూ (నిప్పురవ్వ పడే సమయం), పెట్రోలు కొలతా మార్చినారు. పద్దెనిమిది వేలు. డబ్బులు తీసుకున్నాక చెప్పినారు: "ఇంక 95 ఆక్టేన్ పెట్రోలే పొయ్యండి సార్." ఆక్టేన్ అంటే తనకు తాను అంటుకోకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. అప్పట్లో మామూలు పెట్రోలు 91. నేను పోసేది అదే. రెండో రోజే ఘాట్‌లో, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు టకటక. అది నాకింగ్. నిప్పురవ్వ అంటించిన మంట చేరకముందే మిగిలిన పెట్రోలు తనకు తాను భగ్గుమంటే వచ్చే చప్పుడు. ఎండ, ఎక్కుడు, బరువు, తక్కువ ఆక్టేన్, నాలుగూ కలిసినాయి. దాన్ని అట్లే వదిలితే పిస్టన్‌కే ఎసరు.

ఇక్కడ ఒక మాట. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో కుక్కే పరికరం) లేని ఇంజన్‌కు రీమ్యాప్ చేస్తే వచ్చేది నూటికి ఐదు, బాగా వస్తే పది. లోపలికి పోయే గాలి అంతే అయినప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుంది? టర్బో బండ్ల కథ వేరు. ప్రొద్దుటూరులో మా చిన్నాయన కొడుకుది డీజిల్ స్విఫ్ట్, కంపెనీ ఇచ్చింది 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్‌తో టర్బో ఒత్తిడి పెంచి, డీజిల్ పెంచితే అది నిజంగానే మారిపోయింది. నేను నడిపి చూసినాను, సీటుకు వీపు అతుక్కునింది. ఆరు నెలలకు క్లచ్ జారడం మొదలుపెట్టింది. రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. 190కి కొలిచి పెట్టిన క్లచ్ అది, వాడు దాని మీద మోపింది అంతకు మించి. బ్రేకులూ పాతవే. ఘాట్‌లో ఎక్కినంత గబగబా దిగాల కూడా గదా అంటే వాడికి కోపం వచ్చింది.

నా ఆల్టోకే టర్బో పెడతామని బెంగళూరులో ఒకరు రెండున్నర లక్షలు చెప్పినారు. టర్బో లేకుండా నడవడానికి గీసిన ఇంజన్‌లో కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే ఒత్తిడి, ముందే ఎక్కువ. దాని మీద ఇంకా గాలి కుక్కితే పైన చెప్పిన టకటకే పదింతలు. ఇంజెక్టర్లు, క్లచ్, బ్రేకులు అన్నీ మార్చాల. ఇంకో పక్క చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో కంపెనీ రాసిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. ఇన్సూరెన్స్ వాడికి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ దగ్గర మెలిక పెడతాడు. పిల్లోళ్ళకు నీతి చెప్పే ఉద్యోగంలో ఉండి ఇదంతా ఎందుకు అనిపించింది. ఇప్పుడు అనిపించినట్టు రాస్తున్నా గానీ, అప్పట్లో ఆపింది రెండున్నర లక్షలే.

ఒక ఆదివారం కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ముందే చెయ్యాల్సిన పని. ఒక పీఎస్ అంటే 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు పైకెత్తే శక్తి. మా తెలుగు సార్ బరువు సరిగ్గా 75. కాబట్టి ఒక గుర్రం అంటే తెలుగు సార్‌ను సెకనుకు ఒక మీటరు లేపడం. లారీ వెనక గంటకు 32 కిలోమీటర్లలో పోతున్నామంటే సెకనుకు తొమ్మిది మీటర్లు. ఎక్కుడు నూటికి ఆరు అనుకుంటే సెకనుకు అర మీటరు పైచిలుకు ఎత్తు ఎక్కుతున్నాం. 1,100 కిలోలను అంత ఎత్తడానికి కావాల్సింది ఎనిమిది తెలుగు సార్లు. టైర్ల రాపిడికి, గాలికి ఇంకో రెండు. మొత్తం పది గుర్రాలు. ఇంతే! మరి 68 ఉన్న బండి ఎందుకు ఈడుస్తోంది?

డాంగిల్‌లో ఆర్‌పీఎం చూస్తే జవాబు అక్కడే ఉంది. మూడో గేరు, 1,800. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 1,800 దగ్గర నా ఇంజన్ టార్క్ 80 అనుకున్నా 15 కిలోవాట్లు, అంటే 20 గుర్రాలు. అందులో ఎక్కడానికి పది, ఏసీకి మూడో నాలుగో. మిగిలిన ఆరు గుర్రాలతో నేను లారీని దాటాలని చూస్తున్నాను. అదే బండిని రెండో గేరుకు దించి 4,500 దాకా పోనిస్తే 54 గుర్రాలు. వాటికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మైలేజీ పోతుందని, ఇంజన్ అరుస్తుందని, డ్రైవింగ్ నేర్పినప్పుడు మా నాయన "పై గేరులో పో, పై గేరులో పో" అని తొడ మీద కొట్టినందుకని, నేను ఆ గుర్రాలను ఏడేళ్ళు కొట్టంలోనే కట్టేసి ఉంచినాను.

మరుసటి రోజు రెండో గేరులో తొక్కితే లారీ వెనకబడిపోయింది, ఏసీ వేసే ఉంది. కానీ ఇంజన్ అరుపుకు, పైగా ఆ దిక్కుమాలిన సైలెన్సర్‌కు, మేడం దండకం గట్టిగా చదవాల్సి వచ్చింది. రోజూ ముగ్గురు పెద్దమనుషులను కూర్చోబెట్టుకుని అట్లా నడిపేది కాదు. నాకొక్కడికైతే అంత మజా ఇంకో బండిలో రాదు, అది వేరే మాట.

అప్పుడు ఇంట్లో అన్నీ చెప్పేసినాను. ఫిల్టర్, సైలెన్సర్, రీమ్యాప్, బెంగళూరు ఖర్చులు కలిపి 41 వేలు. మా ఆమె ఒక్కటే అడిగింది. "ఎన్ని గుర్రాలొచ్చినాయి?" మంచి రోజు చూసుకుని, చల్లటి పూట, మంచి పెట్రోలు పోస్తే నాలుగు అన్నాను. "గుర్రం పది వేలా? మా ఊర్లో నిజం గుర్రం బాడుగకు తెచ్చి పెండ్లికొడుకును ఊరేగిస్తే అంత కాదు" అనింది.

ఫోర్డ్ కంపెనీ మన దేశంలో బండ్లు చెయ్యడం ఆపేస్తామని 2021 సెప్టెంబరులో చెప్పినప్పటి నుంచి వాళ్ళ పాత బండ్లంటే జనం భయపడుతున్నారు. నాకు అదే కలిసొచ్చింది. తెలిసినాయన దగ్గర 2016 ఫిగో డీజిల్ దొరికింది. వెయ్యిన్నర సీసీ, 100 పీఎస్, 215 న్యూటన్ మీటర్లు. నాలుగు లక్షల పదివేలు. ఆల్టో 2,35,000కు పోయింది. అది కూడా కంపెనీ ఇచ్చిన పాత సైలెన్సర్ ఇంట్లో ఉండబట్టి. నేను పాత సామాన్లకు వేద్దామంటే అమ్మ వెయ్యనీయలేదు, మెట్ల కింద గోనెసంచి చుట్టి పెట్టింది. కొనేటాయన ఒక రౌండు కొట్టి వచ్చి, "బండికేమన్నా చేయించినారా?" అని నా ముఖంలోకి చూసినాడు. రీమ్యాప్ తీయించి, కంపెనీ లెక్కకు తెచ్చినాక గానీ బయానా ఇయ్యలేదు. తీయించేదానికి ఇంకో మూడు వేలు. తేడా లక్షా డెబ్బై ఐదు వేలు, పెరిగిన గుర్రాలు 32. గుర్రం ఐదున్నర వేలు పడిందని మా ఆమె లెక్క.

నా లెక్క వేరే. 215 టార్క్ ఆ ఫిగోలో 1,750 దగ్గరే వచ్చేస్తుంది. 1,800 దగ్గర 55 గుర్రాలు. ఆల్టోను 4,500 దాకా అరిపిస్తే గానీ రానివి ఇక్కడ మూడో గేరులో, కాలు ఆనిస్తే వచ్చేస్తాయి. బండి బరువు మూడు వందల కిలోలు ఎక్కువే అయినా సరే. 1,500 కిందికి పడితే మాత్రం టర్బో నిద్రపోతుంది, మొద్దు. అప్పుడు గేరు దించాల్సిందే.

మొన్న సోమవారం ఘాట్‌లో పైపుల లోడుతో లారీ. ఎదర దూరం దాకా ఖాళీ, కుడి సిగ్నల్ వేసి, మూడో గేరులోనే దాటేసినాను. ఏసీ నడుస్తోంది. తెలుగు సార్ పద్యం నాలుగో పాదం కూడా పూర్తి చేసినాడు. పీడీ సార్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, నిద్రలో. చాలా సేపటికి మేడం ఎర్ర పెన్ను పక్కన పెట్టి తలెత్తింది.

"గువ్వలచెరువు వచ్చాక చెప్పండి సార్, పిల్లోళ్ళకు కోవా తీసుకోవాల."

"దాటి చాలా సేపయింది మేడం."