ఒకే పేరుతో ఇద్దరు: కాలనీ లైబ్రరీ యాప్ రిజిస్ట్రేషన్ రిపేరు

దొరికింది! సభ్యుల పట్టికలో ఒకే పేరు రెండేసి సార్లు ఎలా చేరుతోందో ఎట్టకేలకు తేలింది. కారణం మూడు బైట్లు. తెరమీద కనిపించవు, ప్రింట్‌లో కనిపించవు, కాపీ చేస్తే మాత్రం చక్కగా వెంట వస్తాయి.

కొత్తగా చదివేవాళ్లకు రెండు ముక్కలు. ఇది ఫ్లాస్క్ (పైథాన్ భాషలో వెబ్ యాప్‌లు రాసే చట్రం), పోస్ట్‌గ్రెస్ 15 (డేటాబేస్) మీద నడిచే చిన్న యాప్. ముందు రాసినవారు ఊరు మారడంతో నా చేతికొచ్చింది. మా సభ్యుల్లో పెద్దవాళ్లు చాలామందికి ఈమెయిల్ లేదు. ఓటీపీ పంపుదామంటే డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (మెసేజ్‌లు పంపే సంస్థలు టెలికాం కంపెనీల దగ్గర చేయించుకోవాల్సిన నమోదు), ఎస్సెమ్మెస్ ఖర్చు, ఇంత చిన్న లైబ్రరీకి అది దండగ. అందుకని తెలుగులో రాసిన పేరే లాగిన్ పేరు. ఇది మంచి నిర్ణయమని ఇప్పటికీ నమ్ముతాను.

మొదట సులువుగా పోయినవి. పాత కోడ్ ముందు పేరు ఉందా అని వెతికి, లేకపోతే చేర్చేది. ఈ రెండు పనుల మధ్య ఇంకో రిక్వెస్ట్ దూరితే ఇద్దరూ చేరిపోతారు. పేరు కాలమ్‌కి యూనిక్ (ఒకే విలువ రెండోసారి చేరనివ్వని నియమం) పెట్టి, ఇన్సర్ట్‌కి ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ (పేరు ముందే ఉంటే ఊరుకో అని) తగిలించాను. కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి వెబ్ రిక్వెస్టులు పంపే టూల్) ఒకే పేరుని ఇరవై రిక్వెస్టులుగా ఒకేసారి పంపితే ఒక్క వరసే చేరింది. మధ్యలో ఐడీ నంబర్లు ఎగిరిపోతే కంగారు పడొద్దు, ఐడీలిచ్చే సీక్వెన్స్ ఒకసారి ఇచ్చిన నంబర్‌ని వెనక్కి తీసుకోదు.

అసలు తలనొప్పి ఇక్కడే మొదలైంది. లిస్టులో ఇద్దరు కిరణ్‌లు (అసలు పేరు వేరు, ఇక్కడికి ఇలా అనుకుందాం) కళ్లెదుటే ఉన్నారు. ఒకే ఫ్లాట్, ఒకే ఫోన్ నంబర్. అయినా యూనిక్ పెట్టమంటే పోస్ట్‌గ్రెస్ మారుమాట లేకుండా పెట్టేసింది. డూప్లికేట్ ఉంటే ఎర్రర్ 23505 రావాలి, రాలేదు. పైగా ఆ తర్వాత వారంలో ఇంకో జంట పుట్టింది.

రిజిస్టర్ బటన్ రెండుసార్లు నొక్కారేమో అని మొదటి అనుమానం. కానీ రెండు వరసల తేడా మిల్లీసెకన్లలో లేదు, ఒకటి ఆదివారం సాయంత్రం, రెండోది మంగళవారం పొద్దున. చివర ఖాళీ ఉందేమో అనుకుంటే, ట్రిమ్ చేసినా మారలేదు. ఇండెక్స్ (పేర్లని త్వరగా వెతికేందుకు డేటాబేస్ వరసలో పెట్టుకునే జాబితా) పాడైందేమో అన్న అనుమానం నన్ను బాగా తిప్పింది. సర్వర్‌ని ఈమధ్యే పాత డెబియన్ లినక్స్ నుంచి కొత్తదానికి మార్చాం. లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28తో అక్షరాల వరస మారి పోస్ట్‌గ్రెస్ ఇండెక్సులు చెడిన కథ ఒకటుంది. కానీ ఇండెక్స్‌ని మళ్లీ కట్టే రీఇండెక్స్ కూడా ఏ గొడవా లేకుండా పూర్తయింది. నిజంగా ఒకే విలువ రెండుసార్లు ఉంటే అది అక్కడ ఆగిపోవాల్సిందే.

అంటే డేటాబేస్ దృష్టిలో అవి వేరువేరు పేర్లు. పీజీఅడ్మిన్ (పోస్ట్‌గ్రెస్‌ని కిటికీల్లో చూపే టూల్) తెర ఇలాంటివి చూపదు. అందుకే నేను కమాండ్ లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్ వదలను. లెంగ్త్ (అక్షర సంకేతాల లెక్క) అడిగితే ఒకటి 5, ఇంకోటి 6. ఆక్టెట్ లెంగ్త్ (బైట్ల లెక్క) 15, 18. తెలుగు కోడ్‌పాయింట్ (అక్షరానికో గుర్తుకో యూనికోడ్ ఇచ్చిన నంబర్) ప్రతిదీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు కాబట్టి క, గుడి, ర, ణ, పొల్లు కలిపి 15 సరిపోయింది. మిగిలిన మూడింటిని హెక్స్‌లో చూస్తే చివర్న ఇ2 80 8సి. యూనికోడ్ 200సి, జీరో విడ్త్ నాన్ జాయినర్ (వెడల్పు లేని, పక్క అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు)!

ఇది మన భాషకి అవసరమైన అక్షరమే. ‘రాజ్‌కుమార్’లో జకి కావత్తు అంటకుండా ఆపేది ఇదే. తీసేస్తే ‘రాజ్కుమార్’ అయిపోతుంది. చిక్కు ఏమిటంటే, కొన్ని పాత లిప్యంతరీకరణ టూల్స్ పొల్లుతో ముగిసే మాట చివర కూడా దీన్ని పెట్టేస్తాయి. కిరణ్‌గారి ల్యాప్‌టాప్‌లో అలాంటిదే ఉంది. అక్కడ రిజిస్టర్ అయ్యారు. తర్వాత ఫోన్‌లో టైప్ చేస్తే ఆ అక్షరం లేదు, యాప్ ‘ఈ పేరుతో ఎవరూ లేరు’ అంది. పాపం ఆయన మళ్లీ రిజిస్టర్ అయ్యారు. ఆయన చేసినదాంట్లో తప్పేముంది?

పైథాన్ స్ట్రిప్ దీన్ని తీయదు, ఇది వైట్‌స్పేస్ కాదు. ఎన్ఎఫ్‌కేసీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేరువేరు రూపాల్ని ఒకటి చేసే పద్ధతి) కూడా ముట్టుకోదు. యూజర్ పేర్ల కోసమే రాసిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8265ని ఆశగా తెరిచాను. దాని వెనకున్న 2010 నాటి ఆర్ఎఫ్‌సీ 5892 నియమం ప్రకారం, ముందు పొల్లు ఉంటే ఈ అక్షరం చెల్లుతుంది. కిరణ్ చివర ఉన్నది పొల్లే. దర్జాగా పాసవుతుంది.

ఈ పేర్లని ఆపే తనిఖీ ఎందుకు లేదని వెతికితే, రెజెక్స్ (అక్షరాల నమూనా సరిచూసే సూత్రం) లైన్ పనిచేయకుండా కామెంట్ చేసి ఉంది. కారణం ఊహించగలను. పైథాన్‌లో ‘మాటలో వచ్చే అక్షరం’ అని అర్థమిచ్చే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ గుణింతపు గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు. ‘రమ’ పాసవుతుంది, ‘రామ’ ఫెయిలవుతుంది! జాంగోలో (ఫ్లాస్క్ లాంటిదే ఇంకో చట్రం) యూజర్‌నేమ్ తనిఖీ కూడా ఇదే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మీద నిలబడింది. ఇన్నేళ్లయినా ఇది ఇలాగే ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పరిష్కారం రెండు కాలమ్‌లు. చూపించే పేరు మనిషి టైప్ చేసినట్టే ఉంటుంది. పోల్చే పేరు వేరు: ముందు ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఐత్వం గుర్తు కొన్నిచోట్ల రెండు ముక్కలుగా వస్తుంది, ఇది కలుపుతుంది), తర్వాత 200సి, దాని జోడీ 200డి (జీరో విడ్త్ జాయినర్) రెండూ తీసేయడం, చివర ట్రిమ్. దీన్ని పైథాన్‌లో కాకుండా జనరేటెడ్ కాలమ్‌గా (డేటాబేస్ తనంతట తానే లెక్కగట్టి నింపేది) పోస్ట్‌గ్రెస్‌లోనే పెట్టి యూనిక్ కట్టాను. రేపు ఎవరైనా ఎక్సెల్ నుంచి నేరుగా ఎక్కించినా తప్పించుకోలేరు. లాగిన్ కూడా ఇప్పుడు ఈ కాలమ్‌లోనే వెతుకుతుంది. నాన్‌డిటర్మినిస్టిక్ కొలేషన్ (బైట్లు వేరైనా ఒకే పేరుగా పోల్చే పద్ధతి) అనే దారి కూడా ఉంది. కానీ 15లో దానిమీద లైక్ (పేరులో ముక్కతో వెతికే పద్ధతి) పనిచేయదు, మా సభ్యుల వెతుకులాట అంతా లైక్ మీదే.

ఈసారి యూనిక్ పెట్టబోతే ఎర్రర్ వచ్చింది, అంటే జంటలు పట్టుబడ్డాయి. ఎంత సంతోషమేసిందో! జంటల్ని ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు) కలిపాను. పుస్తకాల బాకీలన్నీ పాత ఐడీకి మార్చి, పాస్‌వర్డ్ మాత్రం కొత్త ఖాతాది ఉంచాను, గుర్తుండేది అదే కాబట్టి.

ఇక పాస్‌వర్డ్‌ల సంగతి. కొందరు పాస్‌వర్డ్ కూడా తెలుగులో పెట్టుకున్నారు, అక్కడా ఇదే దెయ్యం ఉంటుంది. హ్యాష్ (వెనక్కి తిప్పలేని గుర్తు) అయిపోయినవాటిని శుభ్రం చేయలేం. కాబట్టి టైప్ చేసింది ముందు ఉన్నదున్నట్టు, కుదరకపోతే శుభ్రం చేసి చూసి, కుదిరినప్పుడు కొత్త హ్యాష్ రాయాలి. అదే అదనుగా బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి వదిలి ఆర్గాన్2 అనేదానికి మారతాను. బీక్రిప్ట్ పరిమితి 72 బైట్లు, అంటే తెలుగులో 24 కోడ్‌పాయింట్లే. ‘శ్రీలక్ష్మి’కే 11 పోతాయి. పైగా బీక్రిప్ట్ పైథాన్ ప్యాకేజీ 5.0 నుంచి 72 దాటితే ఎర్రర్ ఇస్తోంది, అంతకుముందు చెప్పకుండా కత్తిరించేది. అప్‌గ్రేడ్ చేసేముందు పొడవైన తెలుగు పాస్‌వర్డ్‌లతో టెస్టులు రాయాలి. అవి అయ్యాక పుస్తకాల పేర్ల కాలమ్ పడతాను, అక్కడ కూడా ఇ2 80 8సి బోలెడు కనిపించింది.